ఎండ పెరిగితే సరిపోదు, ఆకుకి గాలీ అందాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మొక్కలు ఆహారం ఎలా తయారు చేసుకుంటాయో చెబుతూ పేజీ నిండా వ్యాసం వేశారు. ఇలాంటి విషయానికి పేజీ మొత్తం ఇచ్చే పత్రికలు తక్కువ, ముందుగా అందుకు సంతోషం. బొమ్మలు కూడా బాగున్నాయి. కానీ అందులో కొన్ని వాక్యాలు తప్పు, మరికొన్ని సగం నిజాలు. నేను ఇరవై రెండేళ్లుగా హైస్కూలు పిల్లలకి జీవశాస్త్రం చెబుతున్నాను. సోమవారం క్లాసుకి వెళ్లేసరికి ముగ్గురు పిల్లలు ఆ పేజీ కత్తిరించి నోట్సులో అంటించుకుని వచ్చారు. "టీచర్, మీరు చెప్పింది ఒకటి, పేపర్లో ఉన్నది ఇంకొకటి" అన్నారు. పేపర్లో అచ్చయిందంటే పిల్లలకే కాదు, పెద్దవాళ్లకి కూడా అదే నిజం. అందుకే ఉత్తరం పొడుగైనా సరే, పూర్తిగా రాస్తున్నాను.

"మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని దాన్ని ఆక్సిజన్‌గా మార్చి వదులుతాయి" అని మొదటి పేరాలోనే ఉంది. ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. వినడానికి సబబుగానే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌లో ఆక్సిజన్ ఉంది కదా, మొక్క కార్బన్‌ని ఉంచుకుని ఆక్సిజన్‌ని బయటికి పంపేస్తుంది కాబోలు అనిపిస్తుంది. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. నిజానికి ఆకు వదిలే ఆక్సిజన్ నీటిలోంచి వస్తుంది. 1930ల్లో వాన్ నీల్ అనే శాస్త్రవేత్త ఒక రకం బ్యాక్టీరియా మీద పనిచేస్తూ ఈ సంగతి పట్టుకున్నాడు. అవి కూడా వెలుగుతోనే ఆహారం చేసుకుంటాయి, కానీ నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ వాడుకుంటాయి. వాటి నుంచి ఆక్సిజన్ రాదు, గంధకం మిగులుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ విరిగితే గంధకం మిగిలిందంటే, నీరు విరిగితే మిగిలేది ఆక్సిజనే అయి ఉండాలి అన్నాడాయన. 1941లో రూబెన్, కామెన్, వాళ్ల సహచరులు దాన్ని తేల్చి చూపించారు. మామూలు దానికంటే కాస్త బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని ఆకుపచ్చ శైవలానికి, అంటే నాచు లాంటి దానికి ఇస్తే, బయటికొచ్చిన వాయువులో ఆ బరువైన ఆక్సిజన్ కనిపించింది. అదే బరువు ఆక్సిజన్‌ని కార్బన్ డయాక్సైడ్‌లో పెట్టి ఇచ్చినప్పుడు మాత్రం అది వాయువులోకి రాలేదు.

లోపల జరిగేది చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆకు కణాల్లో హరితరేణువులు ఉంటాయి, వాటిలో పలచటి సంచుల్లాంటివి దొంతరలుగా పేర్చి ఉంటాయి, ఆకుకి పచ్చరంగునిచ్చే పత్రహరితం ఉండేది ఆ సంచుల పొరల్లోనే. వెలుగు తగలగానే పత్రహరితం నుంచి ఒక ఎలక్ట్రాన్ ఎగిరి పక్కనున్న అణువుకి చేరుతుంది. ఖాళీ అయిన చోటు నింపుకోవాలి కాబట్టి నీటి నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. నాలుగు మాంగనీస్ పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు కలిసిన చిన్న ముడి దగ్గర ఈ లాగుడు జరుగుతుంది, రెండు నీటి అణువులు విరిగితే ఒక ఆక్సిజన్ అణువు బయటపడుతుంది. లాక్కున్న ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ పోతుంటే ఆ సంచి లోపల హైడ్రోజన్ అయాన్లు పోగుపడతాయి, అవి బయటికి రావడానికి ఉన్న దారిలో ఒక ప్రోటీన్ తిరగలిలా గిర్రున తిరుగుతుంది, ఆ తిరుగుడులో కణం పనులకి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు తయారవుతుంది. ఎలక్ట్రాన్లు చివరికి ఎన్ఏడీపీహెచ్ అనే అణువులో చేరతాయి. వెలుగు చేసే పని ఇంతవరకే. మనం ఇంత విలువైనదనుకునే ఆక్సిజన్ ఈ మొత్తంలో మొక్కకి ఒక మిగులు. అందులో కొంత తన శ్వాసకి వాడుకుంటుంది, మిగతాది బయటికి వదిలేస్తుంది.

మరి కార్బన్ డయాక్సైడ్ ఏమైందంటే, అది చెట్టు ఒంట్లోనే ఉండిపోయింది. ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కార్బనే, అదంతా గాలి నుంచి వచ్చిందే. ఈ మాట చెప్పినప్పుడు ఏటా క్లాసులో ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు, బల్లని చేత్తో తడిమి చూసుకుంటారు. చెట్టు మట్టిని తిని పెరుగుతుందని మనకి ఎంత గట్టి నమ్మకం అంటే, మీ వ్యాసంలో కూడా "నేల నుంచి ఆహారం తీసుకుని" అన్న మాట దొర్లింది. వాన్ హెల్మాంట్ అనే ఆయన 200 పౌండ్ల పొడి మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్కని నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోసి పెంచి తూచాడు. చెట్టు 169 పౌండ్లు తూగింది, మట్టి మాత్రం సుమారు రెండు ఔన్సులే తగ్గింది. ఆయన పోయాక 1648లో ఇది అచ్చయింది. చెట్టంతా నీళ్లతోనే తయారైందని ఆయన తేల్చాడు. మట్టి కాదు అన్నంతవరకు ఆయన మాట నిజం. గాలిని లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచన అప్పటికి రాలేదు.

ఇక "నిష్కాంతి చర్య రాత్రిపూట జరుగుతుంది" అన్న వాక్యం. దీనికి మీ రచయితని నేను తప్పుపట్టను, తప్పు ఆ పేరులోనే ఉంది. కార్బన్ డయాక్సైడ్‌ని చక్కెరగా మార్చే ఈ దశకి వెలుగు నేరుగా అవసరం లేదు కాబట్టి ఆ పేరు పెట్టారు, చదివినవాళ్లందరూ చీకట్లో జరిగేదని అర్థం చేసుకుంటున్నారు. ప్రతి ఏడూ పరీక్ష పేపర్లలో సగం మంది రాసేది ఇదే. ఆ దశ జరగాలంటే ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ కావాలి, ఒక గ్లూకోజ్ అణువు విలువైన చక్కెర తయారవ్వడానికి 18 ఏటీపీలు, 12 ఎన్ఏడీపీహెచ్‌లు ఖర్చవుతాయి. ఇవి రాత్రికి దాచుకునే సరుకు కాదు, వెలుగు ఆగితే కొద్దిసేపట్లోనే అయిపోతాయి. పైగా ఆ దశని నడిపించే ఎంజైముల్లో కొన్ని వెలుగు ఉన్నప్పుడే పనిలోకి దిగుతాయి. కెల్విన్, బెన్సన్, బాషమ్ రేడియోధార్మిక కార్బన్ ఇచ్చి దాని జాడ పట్టుకుంటూ కనిపెట్టిన చర్యల వలయం ఇది, కెల్విన్‌కి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. నడిచేది పగలే. రాత్రి ఆకు చేసే పని వేరు, పగలు దాచుకున్న పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టి వేళ్లకీ కొత్త చిగుళ్లకీ పంపిస్తుంది.

దీనికి ఆనుకునే ఇంకో తప్పు, బాక్సు కట్టి మరీ వేశారు కాబట్టి నన్ను బాగా కలవరపెట్టింది. "రాత్రిపూట ఆక్సిజన్ ఇచ్చే మొక్కలు" అని స్నేక్ ప్లాంట్, కలబంద, ఇంకా కొన్నిటి పేర్లు ఇచ్చి పడకగదిలో పెట్టుకోమన్నారు. అయ్యా, ఆక్సిజన్ వచ్చేది నీరు విరిగినప్పుడు, నీరు విరిగేది వెలుగు ఉన్నప్పుడు. చీకట్లో ఏ మొక్కా ఆక్సిజన్ తయారు చేయదు. ఈ మొక్కల్లో ప్రత్యేకత లేకపోలేదు, అది చాలా అందమైన సంగతి కూడా. ఇవి నీటికి కటకటలాడే చోట బతకడానికి అలవాటుపడినవి, పగలు ఆకు మీది సన్నటి రంధ్రాలు తెరిస్తే ఉన్న నీరు కాస్తా ఆవిరైపోతుంది కాబట్టి రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. అప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ని లోపలికి తీసుకుని మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. అందుకే ఇలాంటి మొక్కల ఆకులు తెల్లవారుజామున పుల్లగా ఉండి సాయంత్రానికి ఆ పులుపు తగ్గుతుంది. తెల్లారాక రంధ్రాలు మూసుకుని, దాచిన దాంట్లోంచి కార్బన్ డయాక్సైడ్‌ని వదులుకుని, ఎండ వెలుగులో చక్కెర చేసుకుంటాయి. రాత్రి తీసుకునేది కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ తయారయ్యేది పగలే. ఎవరో ఎక్కడో ఈ రెండిటినీ కలిపేసి రాస్తే అది అలా పాకిపోయింది. ఊపిరి సమస్య ఉన్న మనిషి గదిలో నాలుగు కుండీలు పెట్టి ఇక పరవాలేదు అనుకుంటే ఎలా చెప్పండి? దీనికి ఎదురు భయం కూడా అంతే అనవసరం. గదిలో మొక్క ఉంటే రాత్రి మన ఆక్సిజన్ అంతా లాగేస్తుందని అంటుంటారు. మొక్క శ్వాసించే మాట నిజమే, పగలూ రాత్రీ శ్వాసిస్తుంది, కానీ పక్కన పడుకున్న మనిషి పీల్చే దానితో పోలిస్తే అది గోరంత.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఉత్తరం రాయాలనిపించింది ముఖ్యంగా దీని కోసమే. "ఎండ ఎంత ఎక్కువ తగిలితే మొక్క అంత ఎక్కువ ఆహారం తయారు చేస్తుంది, అందుకని మొక్కల్ని ఎప్పుడూ నిండు ఎండలో ఉంచండి" అని రాశారు. కత్తిరించి తెచ్చిన ముగ్గురిలో ఒక అమ్మాయి వాళ్ల ఇంట్లో, ఏళ్లతరబడి గది మూలన ఉన్న మనీ ప్లాంట్‌ని ఆ ఆదివారమే మేడ మీదికి చేర్చారు. గురువారం ఆ అమ్మాయి ఒక ఆకు తెచ్చి నా చేతిలో పెట్టింది. పైకి తిరిగి ఉన్న వైపు అరచేతి వెడల్పున పాలిపోయిన మచ్చ, దాని మధ్యలో కాగితం కాలినట్టు గోధుమరంగు, ఈనె పక్కన నీడ పడ్డ చోట మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. "ఎండ మంచిదన్నారు కదా టీచర్" అంది. మాట రాలేదు నాకు.

ఆ పిల్లలకి మాటల్లో చెప్పేకన్నా చూపిద్దామని మర్నాడు హైడ్రిల్లా పెట్టాను. నీటిలో పెరిగే ఆ సన్నటి మొక్క కొమ్మని కోసి, కోసిన వైపు పైకి ఉండేలా నీళ్ల గ్లాసులో పెట్టి పక్కన దీపం వెలిగిస్తే, కోసిన కొస నుంచి బుడగలు ఒకదాని వెనక ఒకటి వరసగా లేస్తాయి. 1779లో ఇంగెన్‌హౌజ్ చేసిందీ దాదాపు ఇదే, నీటిలో ఉంచిన ఆకుల నుంచి ఎండలో బుడగలు వస్తాయి, చీకట్లో రావు, అది కూడా ఆకుపచ్చ భాగాల నుంచే వస్తాయి అని ఆయన గమనించాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందు ప్రీస్ట్లీ, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా కొమ్మ ఉంచి పది రోజుల తర్వాత చూస్తే ఆ గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలిగింది, కానీ అందులో వెలుగు పాత్ర ఆయనకి తట్టలేదు. మా క్లాసులో దీపానికీ గ్లాసుకీ మధ్య ఇంకో వెడల్పాటి నీళ్ల గ్లాసు అడ్డం పెట్టాం, దీపం వేడి మొక్కకి తగలకుండా. దూరం మార్చిన ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగి, ఆ తర్వాతే లెక్కపెట్టాలి, తొందరపడితే లెక్క తప్పుతుంది.

దీపం 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు నిమిషానికి 7 బుడగలు. 20కి జరిపితే 24. దూరం సగమైతే అందే వెలుగు నాలుగింతలు అవుతుంది కాబట్టి పిల్లలు ఇది ముందే ఊహించారు, చప్పట్లు కొట్టారు. 10కి జరిపాం, వెలుగు మళ్లీ నాలుగింతలు, వంద దాకా వస్తాయని పందెం కాశారు. వచ్చినవి 39. ఇంకా దగ్గరికి, 5కి తోశాం. 40. లెక్క తప్పిందేమోనని మళ్లీ లెక్కపెట్టారు, మళ్లీ 40. దీపం ఇంక జరపడానికి చోటు లేదు. అప్పుడు గ్లాసులో చిటికెడు వంటసోడా వేసి కలిపాను, అది కరిగితే నీటిలో మొక్క కార్బన్ డయాక్సైడ్‌గా వాడుకోగలిగిన సరుకు పెరుగుతుంది. దీపం ముట్టుకోలేదు. కాసేపటికి బుడగలు 58. వెనక బెంచీలో కూర్చునే అబ్బాయి ఒకడు, మామూలుగా నోరు విప్పడు, "అంటే టీచర్, దానికి ఇందాక తక్కువైంది వెలుగు కాదు" అన్నాడు. సరిగ్గా అదే.

ఈ అబ్బాయి అన్నదాన్నే 1905లో బ్లాక్‌మన్ సూత్రంగా పెట్టాడు. ఒక పని వేగం చాలా వాటి మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ క్షణంలో వాటిలో దేనికి అన్నిటికన్నా కొరత ఉందో అదే వేగాన్ని నిర్ణయిస్తుంది. మిగతావి ఎంత పెంచినా లాభం లేదు, కొరతగా ఉన్నది పెంచితేనే వేగం పెరుగుతుంది, అది కూడా ఇంకో దానికి కొరత వచ్చేవరకే. ఆయన ప్రయోగాల్లో ఇంకో చిత్రం బయటపడింది. వెలుగు మసకగా ఉన్నప్పుడు వేడి పెంచినా వేగం పెద్దగా మారలేదు, వెలుగు బాగా ఉన్నప్పుడు వేడి పెంచితే వేగం పెరిగింది. వెలుగుతో నడిచే దశకి వేడితో పెద్ద పని లేదు, ఎంజైములతో నడిచే రెండో దశకి వేడి కావాలి. హరితరేణువుని విప్పి చూడకుండా, కేవలం వేగాలు కొలిచి, లోపల రెండు వేరువేరు దశలు ఉండాలని ఊహించగలగడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

మామూలు ఎండలో ఎక్కువ మొక్కలకి కొరత పడేది కార్బన్ డయాక్సైడే. గాలిలో అది సుమారు 0.04 శాతం మాత్రమే ఉంది, పదివేల అణువుల్లో నాలుగు. దాన్ని పట్టుకునే ఎంజైము పేరు రుబిస్కో. చాలా ఎంజైములు సెకనుకి వందలు, వేల సార్లు పనిచేస్తుంటే ఇది సెకనుకి మూడు నుంచి పది అణువుల్ని మాత్రమే పట్టుకోగలదు. ఆ నిదానానికి సరిపెట్టడానికి మొక్క దాన్ని కుప్పలుగా తయారు చేసుకుంటుంది. భూమి మీద అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ప్రోటీన్లలో ఇదొకటి, ఆకుకి నత్రజని అంత అవసరం కావడానికి పెద్ద కారణం ఇదే. నిదానం ఒక్కటే కాదు, ఇది పొరపాటు కూడా పడుతుంది, కార్బన్ డయాక్సైడ్ అనుకుని ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం మరి, పక్కనే అంత రద్దీ ఉంటే పొరపాటు పడకుండా ఎలా ఉంటుంది? రుబిస్కో పుట్టిన కాలంలో గాలిలో ఆక్సిజన్ దాదాపు లేనే లేదు, అప్పుడు ఈ తేడా తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ పొరపాటుని సరిచేసుకోవడానికి అప్పటికే పట్టుకున్న కార్బన్‌లో కొంత తిరిగి గాలిలోకి పోతుంది, దీన్నే కాంతి శ్వాసక్రియ అంటారు. వేడి పెరిగేకొద్దీ పొరపాట్లు పెరుగుతాయి, వెచ్చటి వాతావరణంలో ఎన్నో పంట మొక్కల్లో సంపాదించిన దాంట్లో దాదాపు పాతిక శాతం ఇలా పోతుంది. నిండు ఎండలో వెలుగు దండిగా ఉంది, కానీ వేడి కూడా ఉంది కదా, ఆ లెక్క మీ వ్యాసంలో లేదు.

మొక్కజొన్న, చెరకు, జొన్న లాంటివి దీనికి దారి కనుక్కున్నాయి. అవి ముందు వేరే ఎంజైముతో కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని నాలుగు కార్బన్ల ఆమ్లంగా మార్చి, ఆకు లోపల ఈనెల చుట్టూ ఉండే కణాల్లోకి తోసి, అక్కడ వదులుతాయి. అక్కడ కార్బన్ డయాక్సైడ్ చిక్కగా పోగుపడుతుంది కాబట్టి రుబిస్కో పొరపాటు పడడానికి అవకాశం చాలా తక్కువ. 1960ల్లో హ్యాచ్, స్లాక్ దీన్ని వివరంగా తేల్చారు. ఇలాంటి మొక్కల విషయంలో మీరు రాసిన "ఎంత ఎండకి అంత" అన్న మాట చాలావరకు చెల్లుతుంది, నిండు ఎండ దాకా వాటి వేగం పెరుగుతూనే పోతుంది. వరి, గోధుమ, చిక్కుడు జాతి, చాలా చెట్లు వేరే రకం. వాటిలో ఒక్కో ఆకుని విడిగా చూస్తే, నిండు ఎండలో సగం కూడా రాకముందే వేగం ఒక మట్టానికి చేరి ఆగిపోతుంది. ఇక నీడలో పెరిగే మొక్కలకైతే అందులో చిన్న వంతు చాలు.

ఆగిపోయాక పడే వెలుగు ఏమవుతుందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. పత్రహరితానికి వెలుగు వద్దనడం చేతకాదు, పడింది పడ్డట్టు తీసుకుంటుంది. వాడుకోలేని శక్తి లోపల ఉండిపోతే ఆ చుట్టుపక్కల పొరల్నీ ప్రోటీన్లనీ దెబ్బతీస్తుంది. అందుకని ఆకులో పసుపు రంగు పదార్థాలు ఆ మిగులుని వేడిగా మార్చి పారేస్తుంటాయి. నీటిని విరిచే యంత్రంలో డీ1 అనే ప్రోటీన్ ఎండలో పాడవుతూనే ఉంటుంది, ఆకు దాన్ని తీసేసి కొత్తది పెట్టుకుంటూనే ఉంటుంది. పాడయ్యే వేగం బాగుచేసే వేగాన్ని దాటితే ఆకు పాలిపోతుంది. నీడలో పెరిగిన ఆకు పలచగా, వెడల్పుగా, మసక వెలుగుని కూడా వదలకుండా పట్టుకునేలా తయారై ఉంటుంది, దానికి ఈ రక్షణ తక్కువ. దాన్ని ఒక్కసారిగా మేడ మీద పెడితే ఆ అమ్మాయి తెచ్చిన ఆకే అవుతుంది. మెల్లగా, రోజుకి కొంతసేపు చొప్పున అలవాటు చేస్తే చాలా మొక్కలు కొత్తగా వేసే ఆకుల్ని మందంగా వేసుకుని తట్టుకుంటాయి. ఈ ఒక్క వాక్యం వ్యాసంలో ఉన్నా సరిపోయేది.

మిట్టమధ్యాహ్నం ఇంకో ఇబ్బంది కూడా కలుస్తుంది. ఆకు అడుగున చదరపు మిల్లీమీటరుకి వందకు పైగా పత్రరంధ్రాలు ఉంటాయి, ఒక్కో రంధ్రానికి అటూ ఇటూ పెదవుల్లా రెండు రక్షక కణాలు. కార్బన్ డయాక్సైడ్ లోపలికి వచ్చే తలుపూ, నీటి ఆవిరి బయటికి పోయే తలుపూ ఒకటే. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు లోపలికి రావడానికి మొక్క వందల నీటి అణువుల్ని పోగొట్టుకుంటుంది. వేళ్లు తెచ్చే నీరు పోయే నీటికి సరిపోకపోతే రక్షక కణాలు వాలిపోయి తలుపు మూసుకుంటుంది. వెలుగు పైన దంచికొడుతుంటే లోపల కార్బన్ డయాక్సైడ్ నిండుకుంటుంది, రుబిస్కో పొరపాట్లు ఇంకా పెరుగుతాయి. అందుకే వేడి రోజుల్లో చాలా మొక్కల పని పొద్దున పెరిగి, మధ్యాహ్నం పడిపోయి, సాయంత్రం మళ్లీ కాస్త లేస్తుంది. "నీరు తక్కువైతే కిరణజన్య సంయోగక్రియకి ముడిసరుకు తగ్గుతుంది" అని రాశారు గానీ అసలు కారణం అది కాదు. వేళ్లు పీల్చే నీటిలో ఒక్క శాతం కూడా ఈ పనికి ఖర్చు కాదు. తలుపు మూసుకోవడమే కారణం. అలాగని నీళ్లు నిలవ ఉండేలా పోసినా పని జరగదు, వేళ్లకి గాలి అందక అవి పీల్చడం మానేస్తాయి, తడి మట్టిలోనే మొక్క వాడిపోతుంది.

ఎరువుల గురించి ఎక్కువ రాయను. పత్రహరితం అణువు నడిమధ్యన ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది, దాని చుట్టూ నాలుగు నత్రజనులు. ముదురు ఆకులు ముందు ఈనెల మధ్య పసుపెక్కితే మెగ్నీషియం తక్కువైందేమో చూడాలి, లేత ఆకులు ముందు పసుపెక్కితే ఇనుము తక్కువై ఉండవచ్చు. మెగ్నీషియాన్ని మొక్క పాత ఆకుల నుంచి కొత్త వాటికి తరలించుకోగలదు, ఇనుముని అంత తేలిగ్గా కదపలేదు, తేడా అక్కడుంది. పచ్చగా నవనవలాడుతున్న మొక్కకి ఇంకా ఎరువు వేస్తే ఇంకా పెరుగుతుందన్నది దీపాన్ని 10 నుంచి 5కి జరపడం లాంటిదే.

ఆకుపచ్చ వెలుగు ఆకుకి అసలు పనికిరాదన్న మాట కూడా ఉంది. ఎంగెల్‌మన్ 1880ల్లో నూలుపోగు లాంటి శైవలం మీద వెలుగుని రంగులుగా విడగొట్టి పడేలా చేసి, ఆక్సిజన్ కోసం వెతుక్కునే బ్యాక్టీరియాని ఆ నీటిలో వదిలాడు. అవి ఎరుపు, నీలం పడ్డ చోట్ల గుంపుగా మూగాయి. ఆ ప్రయోగం నిజమే, చాలా గొప్పది కూడా, పత్రహరితం ఎరుపు, నీలం ఎక్కువగా పట్టుకుంటుంది. కానీ ఆకు అంటే పలచటి ఒక్క పోగు కాదు. ఆకుపచ్చ వెలుగులో కొంతే వెనక్కి తిరిగొచ్చి మన కంటికి తగులుతుంది, ఎక్కువ భాగం ఆకు లోపల అటూ ఇటూ చెదిరి, ఎరుపు వెలుగు అందని అడుగు కణాల దాకా వెళ్లి అక్కడ ఉపయోగపడుతుంది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది కాబట్టి మొక్కలకి మంచిదే అని చివర్లో ఒక మాట వదిలారు. వంటసోడా ప్రయోగం చూశాక పిల్లలు కూడా నన్ను ఇదే అడిగారు, కాబట్టి ఇది తోసిపారేసే మాట కాదు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల అణువులకి సుమారు 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. గాజు ఇళ్లలో పంట పెంచేవాళ్లు కావాలనే దీన్ని ఇంకా పెంచుతారు, వేగం పెరుగుతుంది. అయితే అక్కడ నీరు, నత్రజని, వేడి అన్నీ చేతిలో ఉంటాయి. బయట కార్బన్ డయాక్సైడ్ కొరత తీరగానే నత్రజనికో నీటికో కొరత వచ్చి వేగం అక్కడ ఆగుతుంది, మొక్కజొన్న లాంటి వాటికి మొదటి నుంచే దాని కొరత లేదు కాబట్టి పెద్దగా ఒరిగేదీ లేదు, పైగా దాంతో వచ్చే వేడి ఏం చేస్తుందో పైన రాశాను. బ్లాక్‌మన్ సూత్రాన్ని సగం వరకు చదివి ఆపేస్తే ఈ తప్పు వస్తుంది.

మీరు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలని అడగడం లేదు. మూడు వాక్యాలు సరిచేస్తూ వచ్చే ఆదివారం అదే పేజీలో, అందరికీ కనబడేలా సవరణ వేయండి. మొక్క వదిలే ఆక్సిజన్ నీటి నుంచి వస్తుందని, ఏ మొక్కా చీకట్లో ఆక్సిజన్ తయారు చేయదని, నీడ మొక్కని ఒక్కసారిగా నిండు ఎండలో పెట్టకూడదని. చోటు లేకపోతే మిగతావి వదిలేసి ఈ మూడే వేయండి. వ్యాసం అంటించుకున్న ముగ్గురికీ దాన్ని చింపొద్దని, ఎదురు పేజీ ఖాళీగా ఉంచమని చెప్పాను. సవరణ కత్తిరించి అక్కడ అంటించుకుంటారు.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు